సూర్యుడి కోసం ఎదురుచూడకండి

ఏటా అక్టోబరు చివరికి నాకు ఫోన్లు మొదలవుతాయి.

“అక్కా, ఇంకో నెలలో ఇక్కడ సూర్యుడే కనపడడంటగా? రెండు నెలలు ఎట్టా అక్కా?”

అడిగేవాళ్ళు ఆగస్టులో చదువుకో ఉద్యోగానికో ట్రోమ్సోకు వచ్చిన మన పిల్లలు. నార్వేలో ఆర్కిటిక్ వలయం దాటి ఇంకా మూడొందల కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి పోతే వచ్చే ఊరు ఇది. నవంబరు 21న దక్షిణపు కొండల వెనక్కి జారిన సూర్యుడు మళ్ళీ జనవరి 21కి గాని ఊళ్ళోకి తొంగిచూడడు. ఇక్కడివాళ్ళు దీన్ని మోర్కెతీద్ అంటారు. చీకటికాలం అని అర్థం.

నాకు ఫోను చేసేటప్పటికే ఆ పిల్లలకు బోలెడు సలహాలు అంది ఉంటాయి. లైట్లన్నీ వేసి ఉంచుకో. కర్టెన్లు మూసుకో, చలి రాకుండా ఉంటుంది. హీటరు పెంచు. పని లేకుండా బయటికి పోకు. నిద్ర వస్తే పడుకో. డిసెంబరులో టికెట్టు తీసుకుని ఇంటికి వచ్చెయ్. అన్నీ ప్రేమతో చెప్పినవే, అమ్మలూ అక్కలూ చెప్పినవే. నేను మాత్రం ఒక్కొక్కదానికీ ఎదురు చెబుతాను. నావి తలకిందుల సలహాలని మా ఆయన కూడా అంటాడు. కానీ తొమ్మిది చీకటికాలాలు ఇక్కడ గడిపాను. మొదటిదాన్ని ఆ మంచి సలహాలు తు.చ. తప్పకుండా పాటించి పాడుచేసుకున్నాను. ఆ ఏడు జనవరి మొదటివారానికి నేను మధ్యాహ్నం పన్నెండుకు లేచి తెల్లవారుజామున నాలుగుకు పడుకునే స్థితికి వచ్చాను. పొయ్యి మీద పప్పు పెట్టి, అది మాడి పొగ వచ్చేదాకా పక్కనే ఉండి కూడా చూడలేదు. ఇంకెవరికీ అట్లా కాకూడదని ఇదంతా రాస్తున్నాను.

ముందు మా నాయనమ్మ సంగతి చెప్పాలి. మాది పల్నాడు. రెంటచింతల ఎండ గురించి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. మే నెలలో వీధిలో కాకి కూడా ఎగరని మధ్యాహ్నాలు అవి. మా నాయనమ్మ ఆ నెలలో ఎప్పుడూ “ఈ ఎండాకాలం ఎప్పుడు పోతుందో” అని కూర్చున్న గుర్తు లేదు. ఆవిడకు ఊపిరాడని పని. మామిడికాయలు కొట్టించాలి, కారం ఆడించాలి, డాబా మీద పాత చీరలు పరిచి వడియాలు పెట్టాలి, ఊరమిరపకాయలు మజ్జిగలో ముంచి ఎండబెట్టాలి. పొద్దున పదిలోపు బయటి పని అయిపోవాలి. పదకొండుకు తలుపులు మూసి వట్టివేళ్ళ తడికెల మీద నీళ్ళు చల్లాలి. సాయంత్రం మల్లెమొగ్గలు మాల కట్టాలి, రాత్రికి వాకిట్లో నులకమంచాలు వేయాలి. ఎవరైనా ఎండని తిడితే ఆవిడ ఒకటే అనేది: “ఎండ లేకపోతే వడియాలు ఎట్టా ఎండుతాయే?”

మనం ఇంత భయంకరమైన కాలాన్ని ఆవకాయ కాలంగా, మల్లెల కాలంగా మార్చుకున్నవాళ్ళం. ప్రపంచంలో ఎవరన్నా 45 డిగ్రీలను తలుచుకుని ఆప్యాయంగా నిట్టూరుస్తారా? మనం నిట్టూరుస్తాం. ఆ విద్య మన చేతిలో ఉంది. ఇక్కడ చీకటికాలంలో దిగగానే దాన్ని మరిచిపోయి, కాలం ఎప్పుడు పోతుందా అని గోడ మీద తేదీలు కొట్టేసుకుంటూ కూర్చుంటాం. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: ఈ చీకట్లో మాత్రమే ఎండే వడియాలేవో కనుక్కోండి.

అందుకని మొదటి సలహా, కర్టెన్లు తీసేయండి. పక్కకు లాగడం కాదు, కడ్డీ మీంచి తీసి మడతపెట్టి అటక మీద పెట్టండి.

“రెండు నెలలు చీకటి” అన్న మాటలో పెద్ద పొరపాటు ఉంది. డిసెంబరు 21న, అన్నిటికంటే చిన్న రోజున కూడా, మధ్యాహ్నం సూర్యుడు మనకు దిగువన ఉండేది సుమారు మూడు డిగ్రీలు మాత్రమే. గడప అవతల నిలబడి లోపలికి రాని చుట్టంలాగా ఉంటాడు. ఆయన వెలుగు కొండల మీదుగా ఆకాశంలోకి ఎగబాకుతుంది. పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో మొదలై మధ్యాహ్నం రెండు కొట్టేలోపల పోతుంది. ఆ నాలుగు గంటలే ఇక్కడి పగలు. ముందు మంచు మీద ఊదా చాయ వస్తుంది. పదిన్నరకల్లా ఊరంతా నీలం. మన పల్లెల్లో గోడలకు వేసే సున్నంలో నీలిమందు కాస్త ఎక్కువైతే వచ్చే రంగు అది. పదకొండున్నరకు దక్షిణాన కొండల అంచున సన్నని గులాబీ చార, ఒక్కోరోజు నారింజ, ఒక్కోరోజు పండిన జామపండు లోపలి రంగు. సముద్రపు పాయ ఆ రంగునంతా కిందికి లాక్కుంటుంది. మళ్ళీ నీలం, ముదురు నీలం, రాత్రి. మొదటి ఏడాది నేను ఈ నలభై, యాభై మధ్యాహ్నాలనూ కర్టెను వెనక నిద్రపోయి పోగొట్టుకున్నాను. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే బాధేస్తుంది.

మన ఇళ్ళల్లో అసురసంధ్య వేళ పడుకోవద్దంటారు. ఇక్కడ మధ్యాహ్నమంతా అసురసంధ్యే. ఆ మాటను ఇక్కడ అక్షరాలా పాటించండి. తొమ్మిదిన్నర నుంచి రెండు దాకా ఏం జరిగినా సరే, పడుకోకూడదు. ఉద్యోగంలో ఉన్నా కిటికీ ఉన్న వైపు కూర్చోండి, భోజనం డబ్బా తీసుకుని కిటికీ దగ్గరికి పొండి.

కర్టెన్లు లేకపోతే ఎదుటివాళ్ళకు ఇల్లంతా కనపడుతుందని మనవాళ్ళు జంకుతారు. కనపడనీయండి. ఇక్కడి ఇళ్ళల్లో కిటికీలో ఒక దీపం పెట్టడం ఆనవాయితీ. క్రిస్మస్‌కు నాలుగు వారాల ముందు ఆదివారం నుంచి కాగితపు నక్షత్రాలూ, ఏడు దీపాల స్టాండ్లూ ప్రతి కిటికీలోనూ వెలుగుతాయి. పని నుంచి నడిచొచ్చే మనిషికి వీధి పొడవునా తోడు అవి. మీ కిటికీలో మన ఇత్తడి దీపపు కుందె పెట్టండి, లోపల చిన్న బల్బు వేసినా ఫరవాలేదు. మా పక్కింటి పెద్దావిడ ఒక సాయంత్రం మా తలుపు తట్టి, మీ కిటికీలో దీపం రెండు రోజులుగా లేదు, అంతా బాగానే ఉన్నారు కదా అని అడిగి వెళ్ళింది. కర్టెన్లు ఉంటే ఆవిడకు ఆ సంగతి తెలిసేది కాదు.

రెండో సలహా ఇంతకంటే తలకిందులుగా కనిపిస్తుంది. సాయంత్రం లైట్లు తగ్గించండి. చీకటి ఊళ్ళో ఉండి లైట్లు ఆర్పమంటుందేమిటి అంటారు. మనది ట్యూబులైటు అలవాటు. నడినెత్తి మీద తెల్లటి వెలుగు లేకపోతే ఇంట్లో ఎవరో పోయినట్టు ఉంటుంది మనకు. నేనూ మొదటి ఏడు గదికి నాలుగు తెల్ల బల్బులు పెట్టి అర్ధరాత్రి దాకా వెలిగించాను. ఒళ్ళు తెల్లవార్లూ మేలుకుంది.

ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. దాన్ని రోజూ సరిచేసేది కంట్లో పడే పొద్దుటి వెలుగు. 1984లో నార్మన్ రోజెంతాల్ అనే వైద్యుడూ ఆయన తోటివాళ్ళూ అమెరికాలో ఈ శీతాకాలపు కుంగుబాటును రోగంగా గుర్తించి పేరు పెట్టారు, పొద్దున్నే గట్టి వెలుగు చూపిస్తే తగ్గుతుందని చూపించారు. ఆయన ఎండ ధారాళంగా కాసే జొహాన్నెస్‌బర్గ్‌లో పుట్టి పెరిగి ఉత్తరానికి వచ్చిన మనిషి. మన బాధ ఆయనకు ఒంటికి తెలిసిందే. పది వేల లక్స్ వెలుగిచ్చే దీపాలు ఇక్కడ దొరుకుతాయి. మామూలు ఇంటి దీపాల వెలుగు ఒకటి రెండు వందల లక్స్ దాటదు. లేవగానే ఆ పెద్ద దీపం ముందు ఇరవై నిమిషాలో అరగంటో కూర్చోండి. దాని వైపు గుడ్లప్పగించి చూడక్కర్లేదు, పక్కన పెట్టుకుని కాఫీ తాగుతూ పేపరు చదువుకోండి. బయటి నీలం మనసుకు విందేగాని ఒంటి గడియారాన్ని తిప్పడానికి చాలదు, అందుకే ఈ దీపం. కంటి జబ్బులున్నవాళ్ళూ, మనసు ఒకసారి ఉప్పొంగి ఒకసారి కుంగే జబ్బున్నవాళ్ళూ డాక్టరుని అడగకుండా ఇది మొదలుపెట్టకూడదు.

వెలుగంతా పొద్దున ఖర్చు పెట్టేశాక సాయంత్రానికి చిన్న దీపాలు చాలు. మూలకు ఒకటి, బల్ల మీద ఒకటి, రెండు కొవ్వొత్తులు. మా అమ్మ సంధ్యవేళ దేవుడి దగ్గర దీపం పెట్టి కాసేపు వేరే లైటు వేసేది కాదు. ఆ పది నిమిషాల ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో మనందరికీ తెలుసు. ఇక్కడివాళ్ళు దాన్ని సాయంత్రమంతా సాగదీశారు. వాళ్ళు ‘కూస్’ అనేది దాన్నే. ఆ వెలుగులో పిల్లలు గొంతు తగ్గించి మాట్లాడతారు. పత్తి వత్తులు చేసుకోవచ్చు, అల్లికలు అల్లుకోవచ్చు, ఎప్పుడో చదవాలనుకుని పక్కన పెట్టిన లావుపాటి నవలలు చదువుకోవచ్చు. నేను మహాభారతం మొత్తం రెండు చీకటికాలాల్లో పూర్తిచేశాను. హైదరాబాదులో ఉండగా ఇరవై ఏళ్ళలో ఆదిపర్వం దాటలేదు.

హీటరు గురించి ఎక్కువ చెప్పను. తగ్గించండి. ముఖ్యంగా పడకగదిలో. రోజుకు పది నిమిషాలు కిటికీ బార్లా తెరిచి ఇంటి గాలి మార్చండి. పోపు వాసన నిలవ ఉండిపోయిన వెచ్చటి గదిలో మనిషికి మబ్బుగా, బద్ధకంగా ఉంటుంది. ఆ బద్ధకాన్నే మనం దిగులు అనుకుంటాం.

ఇక బయటికి పొండి. మంచు పడుతుంటే తప్పకుండా పొండి.

ఇక్కడి బడికి పోని పిల్లలను చూడండి. పొద్దున చీకట్లో, ఒంటికి మెరిసే పట్టీల జాకెట్లు వేసుకుని, మంచులో దొర్లుతూ ఉంటారు. నెలల పిల్లలను తోపుడుబండిలో ఉన్ని దుప్పట్లు కప్పి ఆరుబయటే నిద్రపుచ్చుతారు. మొదటిసారి చూసి నేను గుండెలు బాదుకున్నాను. మా చిన్నవాడిని మూడో నెలలో నేనూ అట్లాగే పడుకోబెట్టాను. వాడు ఇంట్లో గంట పడుకుంటే బయట రెండున్నర గంటలు పడుకునేవాడు.

మనవాళ్ళు బయటికి పోలేకపోవడానికి కారణం చలి కాదు, బనీను. ఇది నిక్కచ్చిగా చెబుతున్నాను. మనం ఎనిమిది వేల క్రోనర్ల కోటు కొని లోపల తిరుప్పూరు నూలు బనీను వేసుకుంటాం, కింద జీన్సు. నాలుగడుగులు ఎక్కగానే చెమట పడుతుంది. నూలు చెమటను పీల్చుకుని ఒంటికి తడిగుడ్డలా అతుక్కుంటుంది. ఆగిన మరుక్షణం వణుకు మొదలవుతుంది. “ఇంత కోటు వేసుకున్నా చలి ఆగట్లేదక్కా” అని అప్పుడు ఫోను చేస్తారు. ఒంటికి అతుక్కుని ఉండే పలచటి ఉన్ని బనీను, ఉన్ని పైజామా ముందు కొనండి. ఉన్ని తడిసినా వెచ్చదనం పోదు. దాని మీద ఒక స్వెట్టరు, పైన గాలి చొరబడని జాకెట్టు. కోటు ఖరీదు సగానికి తగ్గించి ఆ డబ్బు ఉన్నికీ బూట్లకీ పెట్టండి.

బూట్లంటే గుర్తొచ్చింది. ట్రోమ్సోలో చలి మీరనుకున్నంత ఉండదు. జనవరిలో సగటున సున్నాకు మూడు నాలుగు డిగ్రీలు కింద. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం సముద్రాన్ని గడ్డకట్టనివ్వదు. ఉత్తర నార్వేలోనే, సముద్రానికి దూరంగా లోపలున్న కరాశోక్‌లో 1886 జనవరి 1న మైనస్ 51.4 డిగ్రీలు పడింది, నార్వేలో ఇప్పటికీ అదే రికార్డు. ఆ వెచ్చటి ప్రవాహం చలి తగ్గించినా జారుడు తెచ్చిపెట్టింది. మంచు సగం కరిగి మళ్ళీ గడ్డకడితే రోడ్డు అద్దం అవుతుంది. బూట్లకు తొడుక్కునే మేకుల పట్టీలు ఉంటాయి, వాటిని బ్రోదర్ అంటారు, వంటనూనె కొన్నంత మామూలుగా కొనుక్కోండి. నేను రెండో ఏడు అవి లేకుండా పాలప్యాకెట్టు కోసం వెళ్ళి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. చేతికి వేలాడేసుకునే మెరుపుబిళ్ళ కూడా. కారు లైటు దాని మీద పడి మెరిస్తేనే డ్రైవరుకు మీరు కనపడతారు.

ఇవన్నీ పెట్టుకుని, మంచు ఆగాక కాదు, పడుతుండగానే బయటికి పొండి. మంచు పడేటప్పుడు ఊరి చప్పుడంతా దూదిలో చుట్టినట్టు అణిగిపోతుంది. దూరాన బస్సు పోతుంటే చక్రాల శబ్దం రాదు. టోపీ అంచు మీద రేకులు పడే చప్పుడు వినిపిస్తుంది. నా మాట నమ్మండి, అది వినిపిస్తుంది. చేతితొడుగు చాపితే నల్ల ఉన్ని మీద ఆరు రెక్కల ముగ్గు ఒకటి వచ్చి వాలి, ఊపిరి తగలగానే చుక్కయిపోతుంది. దీపాలు పెట్టిన స్కీ దారులు ఊరి మధ్య నుంచే అడవిలోకి పోతాయి. స్కీలు రాకపోతే పక్క నుంచి నడవండి.

ఇప్పుడు పంచాంగం తీయండి. మన పంచాంగానికి ఆర్కిటిక్‌లో ఏం పని అనుకోకండి. దాంట్లో పున్నములు ఉంటాయి. చలికాలపు పున్నమి చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదుట ఉంటాడు. అందుకని సూర్యుడు లేవని ఊళ్ళో ఆయన ఆకాశంలో ఎత్తుగా నడుస్తాడు. కొన్నేళ్ళలో మార్గశిర, పుష్య పున్నములకు అటూఇటూ రోజుల తరబడి అస్తమించనే అస్తమించడు, మధ్యాహ్నం పన్నెండుకు కూడా కొండ మీదే ఉంటాడు. పిండి ఆరబోసినట్టు వెన్నెల అని మనం అంటాం కదా, నేల మీద నిజంగానే తెల్లగా పరిచి ఉన్నప్పుడు ఆ వెన్నెల పడితే ఎట్లా ఉంటుందో ఆ మాట పుట్టించినవాళ్ళు చూసి ఉండరు. చెట్ల నీడలు మంచు మీద గీసినట్టు కనపడతాయి. చేతిలో ఉత్తరం చదువుకోవచ్చు. సూర్యోదయం గడి ఖాళీగా ఉన్న క్యాలెండరును చూసి ఏడవకుండా, పున్నమిని చుట్టి పెట్టుకుని ఆ మూడు రోజులకు మిత్రులను పిలవండి. మిరియాల చారు ఫ్లాస్కులో పోసుకుని కొండ దగ్గరికి నడవండి.

అరోరా వెంట మాత్రం పరిగెత్తకండి. ఆ ఆకుపచ్చ వెలుగు కోసం ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి, రాత్రంతా బస్సుల్లో తిరిగేవాళ్ళు ఉన్నారు. మీరు ఇక్కడ కాపురమున్నవాళ్ళు. చెత్తబుట్ట బయట పెట్టడానికి పోయినప్పుడు తల ఎత్తి చూడటం అలవాటు చేసుకుంటే అదే కనపడుతుంది.

తిండి విషయంలో ఇక్కడివాళ్ళ మాట వినండి. పేరులో ‘ర’ ఉన్న నెలలన్నిటా, అంటే సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా, వీళ్ళు రోజూ ఒక చెంచా కాడ్ చేప కాలేయపు నూనె తాగుతారు. ఈ అక్షాంశాల్లో చలికాలమంతా చర్మం విటమిన్ డి తయారుచేసుకోలేదు. మన చర్మానికి మామూలప్పుడే ఎండ ఎక్కువ కావాలి. శాకాహారులు మాత్రలు అడిగి తీసుకోండి. అంతకుమించి మన వంట మనం చేసుకోవడమే. నువ్వులూ బెల్లమూ తినే కాలం ఇది, మన పెద్దవాళ్ళు సరిగ్గా ఈ నెలలకే పెట్టారు. వీళ్ళు బన్నుల్లో ఏలకులు దంచి వేస్తారు. పొద్దున పూట బేకరీ ముందు ఆ వాసన వస్తే నాకు పండక్కి పాకం పట్టే వంటిల్లే గుర్తొస్తుంది.

ఇంటికి ఫోను చేసినప్పుడు ఏం మాట్లాడుతున్నారో కూడా చూసుకోండి. “చలి ఎట్టా ఉందమ్మాయ్?” అని అమ్మ అడుగుతుంది. “చచ్చిపోతున్నామమ్మా, ఒకటే చీకటి” అంటాం. ఊరికే అంటాం, మాటవరసకి. రోజుకోసారి అంటే మనమే నమ్ముతాం, పక్కన ఆడుకుంటున్న పిల్లలూ నమ్ముతారు. కారి లైబోవిట్జ్ అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకురాలు 2014లో ఈ ఊరికి వచ్చింది. ఇంత చీకట్లో ఇక్కడివాళ్ళు ఎందుకు కుంగిపోవడం లేదు అన్నది ఆమె ప్రశ్న. ఇక్కడి యూనివర్సిటీ ప్రొఫెసర్ యోవార్ వితెర్సోతో కలిసి ఓస్లోలో, ఇక్కడ, ఇంకా ఉత్తరాన స్వాల్బార్డ్‌లో జనాన్ని అడిగి చూసింది. ఉత్తరానికి పోయేకొద్దీ చలికాలాన్ని మంచిగా చూసేవాళ్ళే ఎక్కువ కనిపించారు. అట్లా చూసేవాళ్ళు తమ జీవితంతో తృప్తిగా కూడా ఉన్నారు. నాకిది మా నాయనమ్మ వడియాల మాటే. అందుకని అమ్మతో రోజుకొక కొత్త సంగతి చెప్పండి. ఇవాళ సముద్రం ఏ రంగులో ఉందో, పక్కింటాయన ఎంత మంచు తవ్విపోశాడో చెప్పండి. చెప్పడం కోసమైనా చూడాల్సి వస్తుంది.

ఒక్క సంగతి దీనికి బయట పెడుతున్నాను. రెండు వారాలకు మించి ఏ పనీ చెయ్యబుద్ధి కాకుండా, తిండీ నిద్రా తప్పి, బతకడం ఎందుకన్న ఆలోచన వస్తుంటే, అది కర్టెన్లు తీస్తే పోయేది కాదు. అప్పుడు అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి పొండి. తోడు కావాలంటే నన్ను పిలవండి. అర్ధరాత్రయినా వస్తాను.

ఇక అందరూ నాతో పోట్లాడే సలహా. డిసెంబరు టికెట్టు కొనకండి. సంక్రాంతికి ఇంటికి పోకండి.

ఈ మాట రాయడం నాకూ తేలిక కాదు. గొబ్బెమ్మలూ, అరిసెల వాసనా, చుట్టాలతో నిండిన ఇల్లూ నాకు అక్కర్లేక కాదు. కానీ డిసెంబరు మధ్యలో వెళ్ళి జనవరి ఆఖరుకు వస్తే ఈ కాలానికి మీరు ముందూ వెనకా మాత్రమే చూస్తారు. నవంబరు తడి చీకటినీ, ఫిబ్రవరి అలసటనూ చూస్తారు. నడుమనున్న గుండెకాయను చూడరు. నడిబజారులో మంచు మీద నిలబడి సినిమా చూసే జనవరి ఫిల్మ్ ఫెస్టివల్ చూడరు. అన్నిటికంటే ముఖ్యంగా, సంక్రాంతి అంటే ఏమిటో చూడరు.

సూర్యుడు నిజంగా ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మన సంక్రాంతి, ఆ మలుపు సుమారు 1700 ఏళ్ళ కిందట కలిసి ఉండేవి. తర్వాత మెల్లగా జరిగి మన పండగ జనవరి 14, 15కి వచ్చింది. ట్రోమ్సోలో, లెక్క ప్రకారం, సూర్యుడి అంచు దిగంతం మీదికి తొలిసారి వచ్చేది సరిగ్గా జనవరి 15 ప్రాంతంలో. దక్షిణాన కొండలు అడ్డు కాబట్టి ఊళ్ళోవాళ్ళకు 21న కనపడతాడు. అంటే భూమి మీద ఉత్తరాయణాన్ని కంటితో చూడగలిగిన చోట మనం ఉన్నాం. పల్నాడులో సూర్యుడు ఏ రోజూ మానలేదు, మనం ఆయన వచ్చినందుకు ఏ రోజూ ఆశ్చర్యపోలేదు.

మా పండగ ఎట్లా చేసుకుంటామో చెబుతాను. భోగి తెల్లవారుజామున ఆరుకు, పది కుటుంబాలం కలిసి, స్కీ దారి పక్కన మంట వేసుకోవడానికి కట్టిన చోటికి పోతాం. బర్చ్ కట్టెలు మాత్రమే కాలుస్తాం. దాని బెరడు తడిసినా అంటుకుంటుంది, చిటపటలాడుతుంది. పిల్లలకు భోగిపళ్ళు పోయడానికి రేగుపళ్ళు దొరకవు. ఆగస్టులో అడవిలో కోసి ఫ్రీజరులో పెట్టిన ఎర్రటి లింగన్‌బెర్రీలు పోస్తాం, చిల్లర నాణేలతో కలిపి. అవి టోపీల మీంచి జారి మంచు మీద పడి ఎర్రగా మెరుస్తాయి.

ముగ్గు సంగతి నాకు మొదటి ఏడు తెలియలేదు. బియ్యప్పిండి గిన్నె పట్టుకుని వాకిట్లోకి పోయి చుక్కలు పెడితే ఒక్కటీ కనపడలేదు, తెలుపు మీద తెలుపు. ఇప్పుడు స్కీ కర్ర మొనతో గీస్తాను. రెండు వేళ్ళ లోతు గాడి పడుతుంది. ఆ గాడిలోపల మంచు నీలంగా ఉంటుంది, ముగ్గు నీలంగా కనపడుతుంది. మూలల్లో పసుపు, కుంకుమ చల్లుతాను. పసుపు నిమిషంలో తడిసి కిందికి ఇంకి, చుట్టూ పలచటి గంధపు రంగు వస్తుంది. పక్కింటి పెద్దావిడ మనవరాలు మాకు మంచు లాంతరు నేర్పింది. పదిహేను ఇరవై మంచు ముద్దలు గుండ్రంగా పేర్చి, పైకి పోయేకొద్దీ సన్నం చేసి, లోపల కొవ్వొత్తి వెలిగిస్తారు. పొడిమంచు ముద్ద కట్టదు, కాస్త తడిమంచు కావాలి. మేము చిన్నవి ఏడు చేసి, పైన కాగితపు బంతిపూలు పెట్టి ముగ్గు మధ్యలో ఉంచుతాం. గొబ్బెమ్మలు లోపల్నుంచి వెలుగుతూ ఉంటాయి. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తారు, కొందరు తమ పిల్లల్ని ఎత్తుకుని తెచ్చి చూపిస్తారు.

ఆ తర్వాత వారానికి జనవరి 21, సూర్యుడి రోజు. ఊరంతా ఆ రోజు జామ్ పెట్టి నూనెలో వేయించిన బన్నులు తింటుంది, సూర్యుడి బన్నులని వాటి పేరు. బేకరీల ముందు పొద్దున్నే వరస. మధ్యాహ్నానికి పిల్లలతో సహా అందరూ దక్షిణం కనపడే చోటికి చేరతారు. నిరుడు అదే వేళకు మబ్బు కమ్మింది. సన్నగా మంచు కూడా మొదలైంది. ఎవరూ కదల్లేదు. బన్నులు పంచుకున్నారు, పిల్లలు పాట పాడారు. నేను అమ్మకు వీడియో కాల్ చేసి ఫోను కొండల వైపు తిప్పాను.

“ఏడే సూర్యుడు?” అంది అమ్మ.

“మబ్బు వెనకాల ఉన్నాడమ్మా.”

“వస్తాడులే. ముందు నీ చేతిలో ఉన్నదేదో తిను, చల్లారిపోతుంది.”